కర్త లేని ఇంగ్లీషు

"సబ్జెక్టు ఉంది. కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు."

మన పిల్లల మీద రాసే తీర్పు ఇది. ఇంటర్వ్యూ బోర్డులవాళ్లు ఇదే రాస్తారు. క్యాంపస్ సెలక్షన్లకి వచ్చిన కంపెనీలవాళ్లు ఇదే చెబుతారు. వైవాలో కూర్చున్న ప్రొఫెసర్లు ఇదే గొణుగుతారు. వెనకటికి "వీళ్లకి తెలివెక్కడిది" అనేవాళ్లు. ఇప్పుడలా అంటే కేసవుతుంది. "కోటా క్యాండిడేట్" అనటానికి కూడా ఓసారి అటూ ఇటూ చూసుకోవాల్సి వస్తోంది. కమ్యూనికేషన్ స్కిల్స్ అనే మాటకి ఆ బాధ లేదు. దాంట్లో కులం కనపడదు. మర్యాదగా ఉంటుంది. విన్న పిల్లాడు కూడా తప్పు తన నాలుకదే అనుకుని తలొంచుకుని బయటికొస్తాడు. వచ్చి ఏలూరు రోడ్డులోనో బెంజిసర్కిల్ దగ్గరో బోర్డు చూసి ఫీజు కడతాడు. బెజవాడలో ఈ బోర్డులకి కరువు లేదు. నెల రోజుల్లో ఇంగ్లీషు, నలభై రోజుల్లో పర్సనాలిటీ.

ఈ మాటని విమర్శకి పెట్టాలి. కవిత్వాన్నీ కథనీ విమర్శించినట్టే క్లాసుని, పాఠ్యపుస్తకాన్ని, అర్జీ నమూనాని, కోర్టు తీర్పుని కూడా విమర్శించొచ్చు. అన్నీ రాతలే. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, రాసేటప్పుడు ఎవర్ని దాచారు అని ఏ రాతనైనా అడగొచ్చు. నేను డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నదాన్ని. ఇంగ్లీషు వద్దని చెప్పటానికి కాదు ఈ వ్యాసం. ఇంకా ఎక్కువ ఇంగ్లీషు కావాలి మనకి, ఇంకా పదునైంది కావాలి అని చెప్పటానికే. అయితే ఏ ఇంగ్లీషు?

ముందు కొంచెం చరిత్ర. కృష్ణా డెల్టాకి ఇంగ్లీషు నిన్నా మొన్నా రాలేదు. 1835లో మెకాలే తన నివేదిక రాశాడు. 1843లో చర్చి మిషనరీ సొసైటీ తరపున రాబర్ట్ నోబుల్ బందరులో ఇంగ్లీషు బడి పెట్టాడు. తర్వాత అదే నోబుల్ కాలేజీ అయింది. ఆ బడి పైకులాల పిల్లల కోసం పెట్టింది. మాల మాదిగ పిల్లల్ని నోబుల్ చేర్చుకోలేదు. వాళ్లని కూర్చోబెడితే మిగతావాళ్లు లేచిపోతారని లెక్క. పైవాళ్లు ముందు చదివితే చదువు పైనించి మెల్లిగా కిందికి దిగుతుందని నమ్మకం. క్రీస్తు పేరు మీద పెట్టిన బడి గుమ్మంలో కూడా మనువు కూర్చున్నాడంటే మన దేశంలో ఆయనకున్న పలుకుబడి ఏపాటిదో చూడండి.

ఆ తర్వాత పన్నెండేళ్లకి, 1855 నాటికి, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి. నీళ్లు పారిన భూములు ఎవరివో వాళ్ల గాదెల్లో వడ్లు నిండాయి. వడ్లు డబ్బయినాయి. డబ్బు ఫీజులయింది. ఫీజులు ఇంగ్లీషయినాయి. బందరు, గుంటూరు, మద్రాసు, మరో రెండు తరాలకి అమెరికా. ఆ కాలవల్లో పూడిక తీసింది మనం. ఆ మళ్లలో ఊడ్చింది మనం, కోసింది మనం, కుప్పేసింది మనం. కాలవ చివరి భూములకి నీళ్లు అందని బాధ డెల్టాలో అందరికీ తెలుసు. ఇంగ్లీషు విషయంలో మన పేటలన్నీ కాలవ చివరి భూములే.

మిషన్ బళ్లు మనకి అక్షరం ఇచ్చాయి. ఆ రుణం నేను కాదనను. మా తాత బైబిలు చదవటానికి నేర్చుకున్న తెలుగే మా ఇంట్లో మొదటి చదువు. అయినా పేటలో బడికి తెలుగు బైబిలు, పట్నంలో కాలేజీకి షేక్‌స్పియరు అన్న పంపకం ఉండనే ఉంది. గుంటూరు ఏసీ కాలేజీ 1885లో మొదలైంది. దాని గుమ్మం దాకా చేరిన మనవాళ్లు తరానికి కొద్దిమందే.

ఇంక నా సంగతి. నాది పామర్రు అవతల ఒక గూడెం. మా నాన్న పధ్నాలుగేళ్లు ఒకే కామందు దగ్గర పాలేరు. తర్వాత కూలి. మా అమ్మ ముఠాతో కలిసి ఊడ్పులకీ కోతలకీ పోయేది. నేను వెల్ఫేర్ హాస్టల్లో ఉండి డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, 1994లో పీజీలో చేరాను. ఎక్కడన్నది ఇక్కడ అవసరం లేదు. అప్పట్లో ఏ యూనివర్శిటీకి పోయినా అదే గది, అదే క్లాసు.

ఎస్సీ ఎస్టీ పిల్లలకి సాయంత్రం పూట విడిగా ఇంగ్లీషు క్లాసు పెట్టారు. దాని పేరు రెమెడియల్. రెమెడీ అంటే రోగానికి మందు. రోగం మాదని ముందే తేల్చేసి మందు పోయటానికి కూర్చోబెట్టారన్నమాట. మొదటి పాఠం సెల్ఫ్ ఇంట్రడక్షన్. ఒక్కొక్కరూ లేచి నుంచుని పేరు, ఊరు, తండ్రి ఏం చేస్తాడో, తనకేం ఇష్టమో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. పక్క గదిలో జనరల్ క్లాసుకి కూడా అదే పాఠం. గోడ అవతలి మాటలు మాకు వినపడేవి.

"మై ఫాదర్ ఈజ్ డూయింగ్ అగ్రికల్చర్."

గోడకి అటూ ఇటూ ఇదే వాక్యం. అటు పక్కన ముప్పై ఎకరాల మాగాణి ఉన్నాయన కూతురు చెప్పింది. ఇటు పక్కన సెంటు భూమి లేని కూలి కొడుకు చెప్పాడు. ఇద్దరికీ మాస్టారు "గుడ్" అన్నారు. ఈజ్ డూయింగ్ తప్పు, డజ్ అనాలి అని దిద్దారు. అంతకంటే పెద్ద తప్పు ఆ వాక్యంలో ఆయనకి కనపడలేదు.

తెలుగులో ఈ పని చెయ్యటానికి ఎన్ని మాటలున్నాయో లెక్క పెట్టండి. కామందు, ఆసామి, రైతు, కౌలు రైతు, పాలేరు, కూలి. డెల్టాలో ఏ పసిపిల్లాడిని అడిగినా ఈ మాటల మధ్య తేడా చెబుతాడు. ఎవరు గట్టు మీద నుంచుంటారో, ఎవరు బురదలో దిగుతారో చెబుతాడు. ఇంగ్లీషు క్లాసులోకి వచ్చేసరికి గట్టూ బురదా ఒకటైపోయాయి. అగ్రికల్చర్ అనే ఒక్క మాట కింద అంతా కప్పడిపోయింది. ఆ మాట చెప్పిన కూలి కొడుకుని నేను తప్పుపట్టను. తండ్రి పని చెబితే పేట తెలుస్తుంది, పేట తెలిస్తే కులం తెలుస్తుంది. దాక్కోటానికి అతనికి ఇంగ్లీషు ఒక చాటు ఇచ్చింది, అంతే. నేను తప్పుపట్టేది ఆ చాటునే కమ్యూనికేషన్ అని పిలిచిన పాఠాన్ని.

ఇంగ్లీషులో మాటలు లేక కాదు. కూలికి అగ్రికల్చరల్ లేబరర్ అని జనాభా లెక్కల్లో ప్రభుత్వమే రాసుకుంటుంది. కౌలు రైతుకి టెనెంట్. భూస్వామికి ల్యాండ్‌లార్డ్. ఇవన్నీ చిన్న చిన్న మాటలే. ఏ మాట ఎక్కడ వాడాలో తెలిసి, వాడగల ధైర్యం ఉంటే అదే అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు. తెలిసినా వాడనివ్వని క్లాసులో అది ఎట్లా వస్తుంది?

అదే గదిలో ఇంకో రోజు యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ చెప్పారు. కర్తరి, కర్మణి. రాజు పులిని చంపాడు. పులి రాజు చేత చంపబడింది. చివర ఒక సూత్రం చెప్పారు: చేసింది ఎవరో ముఖ్యం కానప్పుడు 'బై' అనే మాటా దాని తర్వాతి పేరూ వదిలెయ్యొచ్చు. నోట్సులో రాసుకున్నాం. పరీక్షలో మార్కులూ వచ్చాయి.

అప్పటికి మూడేళ్ల కిందట, 1991 ఆగస్టు 6న, తెనాలి దగ్గరి చుండూరులో ఎనిమిదిమంది మనవాళ్లని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. హాస్టల్లో అన్నం ముద్ద దిగలేదు ఎవరికీ. పీజీ హాస్టల్ రీడింగు రూములో పాత ఇంగ్లీషు పేపర్ల కట్టలుంటే, వాయిస్ పాఠం అయిన తర్వాత నేను వాటిని తిరగేశాను. ఇట్లాంటి సంఘటనలన్నిటికీ ఒకే రకం వాక్యాలు. దళితులు చంపబడ్డారు. ఇళ్లు తగలబెట్టబడ్డాయి. రెండు వర్గాల మధ్య ఘర్షణ జరిగింది. వ్యాకరణం మాస్టారు చెప్పిన సూత్రం అక్కడ చక్కగా అమలయింది. చేసింది ఎవరో ముఖ్యం కానప్పుడు పేరు వదిలెయ్యొచ్చు.

ముఖ్యం కాదని ఎవరు తేల్చారు?

తెలుగు పత్రికలు ఇందులో తక్కువేం తినలేదు. హతమయ్యారు, మృతి చెందారు, దహనమయ్యాయి అంటారు. ఇళ్లు వాటంతటవే దహనమవుతాయి కాబోలు. మా అమ్మకి ఈ భాష రాదు. "వాళ్లు కొట్టారు, వీళ్లు చూస్తా నిలబడ్డారు" అంటుంది. కర్త లేకుండా మా అమ్మ వాక్యం నడవదు. చదువు పెరిగేకొద్దీ వాక్యంలో నించి కర్తని తీసేయటం నేర్పుతారు. దాన్ని నాగరికమైన భాష అంటారు, ఆబ్జెక్టివ్ అంటారు, స్కిల్ అంటారు.

కర్తని దాచే ఇంగ్లీషుకి పెద్ద చోటు కోర్టు. చుండూరు కేసుకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోటానికి బాధితులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. హైకోర్టులో, సుప్రీంకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులో నడవాలని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతోంది. అంటే మొగుళ్లని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఏ కారణం మీద ఓడిపోయారో తమంతట తాము చదువుకోలేరు. ఎవరో చదివి చెప్పాలి. ఆ ఎవరో మనవాళ్లయి ఉండొద్దా? తీర్పు చదివి, ఈ పేరాలో సాక్షి మాటని ఎట్లా మెలితిప్పారు, ఈ వాక్యంలో కర్త ఎక్కడికి పోయాడు అని వేలుపెట్టి చూపించగలిగిన పిల్లలు ప్రతి పేటలో ఇద్దరు ఉండొద్దా? యూనివర్శిటీ చదువులో అడ్వాన్స్‌డ్ అనదగ్గ ఇంగ్లీషు ఏదన్నా ఉంటే అది ఇది.

మరి మన పాఠ్యపుస్తకాల్లో ఏముంది? నేను చదివినవీ, తర్వాత నేను పాఠం చెప్పినవీ కలిపి చెబుతున్నాను. ఎయిర్‌పోర్టులో సంభాషణ. హోటల్లో గది తీసుకోటం. పుట్టినరోజు పిలుపు. బ్యాంకు మేనేజరుతో మాటలు. ఎమ్మార్వో ఆఫీసులో కుల ధ్రువీకరణ పత్రం అడిగే సంభాషణ లేదు. స్కాలర్‌షిప్పు ఆరు నెలలుగా రాలేదని అధికారిని నిలదీసే సంభాషణ లేదు. మన పిల్లలు జీవితంలో మొదట మాట్లాడాల్సిన మాటలేవీ ఆ పుస్తకాల్లో లేవు.

ఉన్నది ఒకటుంది, అర్జీ నమూనా. "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్" అని మొదలవుతుంది. "కైండ్లీ" అని నడుస్తుంది. "యువర్స్ ఒబీడియెంట్లీ" అని కాళ్ల మీద పడుతుంది. దొరల కచేరీల నాటి భాష ఇది. ఆ దొరల దేశంలోనే దీన్ని మానేశారు. మన పిల్లలకి మాత్రం ఇంకా ఇదే మర్యాద. "చిత్తం అయ్యగారండీ" అన్న మా నాన్న తెలుగుకి ఇది ఇంగ్లీషు అనువాదం. మా నాన్నకి వేరే దారి లేక అన్నాడు. ఎమ్మే చదివే పిల్ల ఎందుకనాలి?

1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2015లో సవరించి 2016 జనవరి 26 నించి అమల్లోకి తెచ్చారు. సవరించిన 4వ సెక్షను ప్రభుత్వ ఉద్యోగి చెయ్యాల్సిన పనులు వరసగా చెబుతుంది. బాధితురాలు నోటితో చెప్పింది రాసుకుని, సంతకం తీసుకునే ముందు ఆమెకి చదివి వినిపించాలి. రాసుకున్నదాని కాపీ ఆమెకివ్వాలి. ఆ ఉద్యోగి దళితుడు గాని ఆదివాసీ గాని కాకపోయి, కావాలని ఈ పని ఎగ్గొడితే అతనికి జైలు. ఈ సెక్షను ఇంగ్లీషులో ఒకటికి నాలుగుసార్లు చదవండి. అందులో 'షల్' అనే మాట ఎక్కడెక్కడ పడిందో చూడండి. 'మే' అంటే చెయ్యొచ్చు, 'షల్' అంటే చేసి తీరాలి. ఈ రెండు మాటల మధ్య తేడా తెలిసిన పిల్ల స్టేషన్లో "కైండ్లీ" అనదు. "మీరు చదివి వినిపించి తీరాలి" అంటుంది. ఇది వ్యాకరణమే. మోడల్ వెర్బ్స్ అని సిలబస్‌లో ఉంది. ఉదాహరణలు మాత్రం టీ పార్టీలవి ఇస్తారు.

ఇంక ఉచ్చారణ. మాటలు అచ్చుతో ముగియటం తెలుగు నాలుక అలవాటు. బస్సు, బుక్కు, కాలేజీ. కామందు కొడుకు నాలుకా ఇదే, నా నాలుకా ఇదే. ఎ, ది అనే ఆర్టికల్స్ తెలుగులో లేవు గనక రెండు కులాల పిల్లలూ ఒకే చోట తడబడతారు. అతను తడబడితే "తెలుగు మీడియం" అన్నారు. నేను తడబడితే "బ్యాక్‌గ్రౌండ్" అన్నారు. బ్యాక్‌గ్రౌండ్ అంటే ఏంటో ఇద్దరికీ తెలుసు. ఎదటివాడి కళ్లలోకి చూసి మాట్లాడటం లేదు, కాన్ఫిడెన్స్ లేదు అని కూడా అన్నారు. కామందు కళ్లలోకి చూసినందుకు చెర్నాకోలతో కొట్టిన ఊళ్లనించి వచ్చినవాళ్లం మేం. దించుకున్న కళ్లు ఏం చెబుతున్నాయో చదవలేకపోవటం ఎవరి కమ్యూనికేషన్ లోపం?

ఈ ప్రశ్నకి జవాబు మన కాలంలోనే వచ్చింది. గుంటూరు పిల్లాడు రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో పరిశోధన చేస్తూ 2015 డిసెంబర్ 18న వైస్ ఛాన్సలర్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఇంగ్లీషులో రాశాడు. వ్యంగ్యం, కోపం, తర్కం అన్నీ ఉన్న ఇంగ్లీషు. 2016 జనవరి 17న చనిపోతూ రాసిన ఉత్తరమూ ఇంగ్లీషే. దాన్ని ప్రపంచమంతా చదివింది, ఎంత బాగా రాశాడన్నది. బతికుండగా రాసింది చదివి కదిలుంటే ఆ రెండో ఉత్తరం అవసరమే ఉండేది కాదు. కమ్యూనికేషన్‌కి ఇద్దరు కావాలి. మాట్లాడేవాడి నైపుణ్యం ఒక్కటే కొలిచి, వినేవాడి చెవిని కొలవకపోతే అది సగం పరీక్షే. పోరాడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. మన పిల్లలకి భాష నేర్పుతూనే వినాల్సినవాళ్లకి చెవులు తెరిపించాలి. రెండోది సంఘం పెట్టి కొట్లాడితేనే అవుతుంది, స్పోకెన్ ఇంగ్లీషుతో కాదు.

ఇక్కడ మన పక్షంలో ఉన్నవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. ఒకవైపు మాతృభాషా ప్రేమికులు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లన్నీ ఇంగ్లీషు మీడియం చెయ్యాలని 81వ నంబరు జీవో ఇస్తే గగ్గోలు పుట్టింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలుగు తల్లి పాలు అన్న పెద్దల్లో ఎంతమంది తమ మనవళ్లని తెలుగు బడికి పంపారో వాళ్లే చెప్పాలి. తల్లి పాల సంగతి మన ఆడవాళ్లకి తెలియనిదా? బిడ్డని గట్టు మీద పడుకోబెట్టి కామందు మళ్లో ఊడ్చినవాళ్లు వాళ్లు. మన పిల్లలకి మొదటి తరగతి నించీ ఇంగ్లీషు కావాలి. ఇందులో నాకు అనుమానం లేదు. మీడియం మారితే చాలని మాత్రం నేను అనను. బెజవాడ చుట్టుపక్కల కార్పొరేట్ కాలేజీల్లో ఎల్కేజీ నించి ఇంగ్లీషులో చదివి, బట్టీపట్టి, ఒక్క సొంత వాక్యం రాయలేని పిల్లల్ని ఏటా చూస్తున్నాను.

ఇంకోవైపు ఇంగ్లీషు భక్తులు. సావిత్రిబాయి ఫూలే 1854లోనే తన కావ్యంలో ఇంగ్లీషుని తల్లి అన్నది. ఆమెకి ఆ హక్కుంది, చదువు చెప్పటానికి రాళ్లదెబ్బలు తిన్న మనిషి. చంద్రభాన్ ప్రసాద్ మెకాలే పుట్టినరోజు చేస్తాడు. ఆయన పూనికతోనే 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బాంకా గ్రామంలో ఇంగ్లీషు దేవతకి గుడి కట్టటం మొదలుపెట్టారు. ఎదటివాళ్లకి మంట పుట్టించే తెలివైన పని అది. ఆ ఎగతాళి నాకూ ఇష్టమే. అయితే ఏ భాషనన్నా దేవతని చేస్తే మళ్లీ పూజారి తయారవుతాడు. యాస సరిగ్గా ఉన్నవాడు గర్భగుడిలో, లేనివాడు గుమ్మం బయట. ఇంగ్లీషు మనకి కొడవలి లాంటిది. కొడవలికి మొక్కం, నూరుకుంటాం.

ఆ నూరటం ఎట్లాగో చూపించినవాళ్లున్నారు. 1936లో లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్‌వాళ్లు అంబేద్కర్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచారు. ముందుగా పంపిన ప్రసంగం చూసి భయపడి, కొన్ని మాటలు తీసెయ్యమన్నారు. ఆయన ఒక్క కామా కూడా మార్చనన్నాడు. సభ ఆగిపోయింది. ఆయన దాన్ని సొంతంగా అచ్చు వేశాడు. అదే కులనిర్మూలన. తర్వాతి ముద్రణలో గాంధీ చేసిన విమర్శని మొత్తం అచ్చేసి, పక్కనే తన జవాబు వేశాడు. ఎదటివాడి వాదాన్ని కుదించకుండా, వంకర చెయ్యకుండా ముందు పెట్టి తర్వాత పడగొట్టటం. కొలంబియాలో, లండన్లో ఆయన నేర్చుకున్న నైపుణ్యం ఇదీ. కోటూ టైలతో పాటు ఇది కూడా మన పిల్లలకి చూపించాలి. మనవాళ్లు ఆయన విగ్రహంలో వేలు చూస్తున్నారు, ఆ చేతిలోని పుస్తకంలో వాక్యం చూడటం లేదు.

మన డెల్టాకే వస్తే సుజాత గిడ్ల. ఆమె రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' 2017లో అమెరికాలో వచ్చింది. గుడివాడ, బెజవాడ, గుంటూరు పేటల్లో నడిచిన ఒక మాల క్రైస్తవ కుటుంబం కథ. అందులో పెద్ద మనిషి ఆమె మేనమామ కె.జి.సత్యమూర్తి. మనందరి శివసాగర్, పీపుల్స్ వార్ స్థాపకుల్లో ఒకడు, 2012లో పోయిన కవి. మేనమామనీ తల్లినీ కూర్చోబెట్టి వాళ్లు చెప్పింది విని రికార్డు చేసుకుని, ఆ తెలుగు మాటల్లోంచి ఆమె ఇంగ్లీషు పుస్తకం తీసింది. వేంగ్లాండు యాస కోసం వెంపర్లాడలేదు. పొట్టి వాక్యాలు. ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఎవరు ఎక్కడ కూర్చోనిచ్చారు, ఎవరు గిన్నె విడిగా పెట్టారు. వాక్యంలో కర్త కూర్చునే ఉంటాడు. మా అమ్మ వాక్యం ఇంగ్లీషులోకి వస్తే ఇట్లాగే ఉంటుందనిపించింది. తెలుగు మర్చిపోతేనే ఇంగ్లీషు వస్తుందనే బెజవాడ సిద్ధాంతానికి ఈ పుస్తకమే జవాబు. ఇంగ్లీషు బాగా రావాలంటే ముందు ఇంట్లో మాట బాగా వినాలి. ఒక్క లోటు మాత్రం మిగిలింది. ఆ కథ ఎవరిదో ఆ పేటల్లో, దాన్ని ఇంగ్లీషులో చదివి ఇది నిజం, ఇది కాదు అని వాదించగల పిల్లలు ఎంతమంది ఉన్నారు? ఆ లోటు రచయిత్రిది కాదు. తీర్చాల్సింది మనం.

ఎట్లా తీర్చాలి? మేం చేసింది చెబుతాను. రెమెడియల్ క్లాసులో మందు పని చెయ్యటం లేదని తెలిశాక మేం అయిదుగురం రాత్రి అన్నాలయిన తర్వాత మెస్సులో కూర్చోటం మొదలుపెట్టాం. మహారాష్ట్ర ప్రభుత్వం 1979లో వేసిన అంబేద్కర్ రచనల మొదటి సంపుటం ఒకటి చేతులు మారి మా దగ్గరికొచ్చింది. రోజుకొక పేజీ. ఒకరు పైకి చదవాలి. రెండోవాళ్లు దాన్ని మా గూడెం తెలుగులో చెప్పాలి, పుస్తకం తెలుగులో కాదు, మా అమ్మకి అర్థమయ్యేటట్టు. మూడోవాళ్లు పుస్తకం మూసి ఆ తెలుగుని మళ్లీ ఇంగ్లీషులో చెప్పాలి. నాలుగోవాళ్లు ఎదురు వాదించాలి, కామందు తరపున, గాంధీ తరపున, ఎవరి తరపునైనా. అయిదోవాళ్లు తప్పులు రాసుకుని చివర చదవాలి. ఎవరూ నవ్వకూడదు. అదొక్కటే షరతు. నవ్వు భయం పోయిన రోజున నోరు దానంతటదే తెరుచుకుంది.

ఆదివారం పేపరు పని. పేపర్లో కర్త లేని వాక్యాలన్నీ గీతగీసి, పక్కన కర్త పెట్టి తిరిగి రాసేవాళ్లం. కర్త తెలియకపోతే ఎందుకు తెలియలేదో రాసేవాళ్లం. తర్వాత అర్జీలు. హాస్టల్లో నీళ్లు రాకపోతే తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. బెగ్, హంబ్లీ, కైండ్లీ అనే మాటలు మేం నిషేధించుకున్నాం. ఏం జరిగింది, ఎప్పటినించి, ఎవరి బాధ్యత, ఏ రూలు కింద, ఎన్ని రోజుల్లో. అయిదు వాక్యాలు. వార్డెను మొదటి అర్జీ చూసి "ఎవరు రాసిచ్చారు" అని అడిగాడు. మేమే అని చెబితే నమ్మలేదు. నీళ్లు మాత్రం వచ్చాయి.

ఇందులో ఖర్చేమీ లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరికే డిక్షనరీ చాలు. ఇప్పుడైతే రాజ్యాంగ సభ చర్చలు, చట్టాలు, తీర్పులు ఫోన్లోనే దొరుకుతున్నాయి. కావాల్సింది అయిదుగురు మనుషులు, మాట్లాడి తీరాల్సిన ఒక విషయం. విషయం లేని చోట ఏ భాషా రాదు. ఎయిర్‌పోర్టు సంభాషణ ఎన్నిసార్లు వల్లెవేసినా రాదు. ఊళ్లో జరిగిన అన్యాయం మీద అర్జీ రాయాల్సి వస్తే ఒక్క రాత్రిలో పది కొత్త మాటలు వస్తాయి, జన్మలో మర్చిపోం.

సంఘాల్లో పని చేసేవాళ్లని ఒకటి అడుగుతున్నాను. హాస్టళ్లకి వెళ్లినప్పుడు ఉపన్యాసంతో పాటు ఒక తీర్పు కాపీ పట్టుకెళ్లండి. చుండూరు తీర్పులు రెండూ పట్టుకెళ్లండి, 2007దీ 2014దీ. పక్కపక్కన పెట్టి చదివించండి. ఒకే ఊరు, ఒకే చావులు, ఒకే సాక్షులు. రెండు ఇంగ్లీషులు. ఎక్కడ విడిపోయాయో పిల్లల్నే వెతకమనండి. వెతికింది వాళ్ల మాటల్లో రాయమనండి. ప్రతి వాక్యంలో కర్త ఉండాలని చెప్పండి.